కవి కుర్చీ పిలుపు

వేదిక మీద ఐదేళ్ల పాప పద్యం సగంలో మరిచిపోయి గౌను అంచు నోట్లో కుక్కుకుంది. హాలంతా అయ్యో అంది. మూడో వరసలో ఆ పాప తల్లి కుర్చీ అంచుకు జరిగి, మరిచిపోయిన మాటను పెదవులతో అందిస్తోంది. ఇక్కడ తల్లులందరూ చేసే పనే అది, నా కూతురికి నేనూ చేశాను, నాకు మా అమ్మ చేసింది. అంతలో నా ఎడమపక్కనుంచి నవ్వు. "ఎంత ముద్దొస్తోందో చూడండి ఆంటీ!" మిర్నా. రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుని మరీ. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి, పాపను వదిలేసి ఈ పిల్లను చూసి మురిసిపోవడానికి. నా కుడిపక్కనుంచి నా మొగుడు ఎమ్రిస్ కూడా మెడ సాచి, నా మీదుగా, ఆమె వైపు చూసి నవ్వాడు. వాళ్లిద్దరి మధ్యా నేను కావాలనే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనకముందే మధ్య కుర్చీలో కోటు పడేసి ఆక్రమించాను. ఏం లాభం, నవ్వులు నా తలమీదుగా పోతూనే ఉన్నాయి. టీ విరామం అయిపోయింది. ఇంకో గంటలో పద్యాల పోటీలో కవి కుర్చీ ఎవరు గెలిచారో ప్రకటిస్తారు. ఈ గంటసేపు నా మొహం నా మాట వింటే చాలు దేవుడా.

మూడు నెలలైంది మిర్నా మా ఇంట్లో అతిథిగా దిగి. దక్షిణ అమెరికా అడుగున, గాలి తప్ప ఏమీ లేని ప్యాటగోనియాలో పుట్టింది. నూట యాభై ఏళ్ల కిందట మా ఈ వేల్స్‌నుంచే ఓడెక్కి వెళ్లిన వాళ్ల మునిమనవరాలు. వాళ్లు అక్కడ చర్చి కట్టుకున్నారట, కాలవ తవ్వుకున్నారట, మన వెల్ష్ భాషను చంటిపిల్లను సాకినట్టు సాకారట. సరే, సాకారు, సంతోషం. మేమేం చేశాం మరి, సముద్రంలో పారేశామా? ఏడు వేల మైళ్లు దాటి వచ్చి మన భాష మాట్లాడుతోంది చూడండి అని బెటి తన కొట్టులో కేకు ఊరికే ఇచ్చింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆమె పేరు తెచ్చారు. మందుల షాపులో ముసలి ఇడ్రిస్ అయితే ఆమె దగ్గుమందు అడిగిన తీరుకే కళ్లు తుడుచుకున్నాడు. అరవై ఒక్క ఏళ్లుగా నేనూ ఇదే భాష మాట్లాడుతున్నాను, ముప్పై ఏళ్లు బడిలో ఇదే పాఠం చెప్పాను, నా దగ్గుకు ఎవరూ ఏడవలేదు. ఎక్కడికీ వెళ్లకుండా ఇక్కడే పడి ఉన్నవాళ్లను చూసి ఎవరు మురుస్తారు? ఆమెకు వాన కూడా వింతే. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "మా అమ్మమ్మ చెప్పిన వాన ఇదే" అంటుంది. ఆ వానలో బట్టలు ఆరక నేను నాలుగు రోజులుగా వంటింట్లో తాళ్లు కట్టుకుని చస్తున్నాను. వచ్చిన మొదటి రోజే మా నాన్న కుర్చీలో కూర్చుంది. ముందుగదిలో ఉంటుంది ఆ కుర్చీ, పందొమ్మిది వందల అరవై నాలుగులో ఇదే హాల్లో, ఇదే పోటీల్లో ఆయన గెలిచినది, ఓక్ చెక్క, వెనక మా ఊరి పేరు చెక్కి ఉంటుంది. మా ఇంట్లో అందులో ఎవరూ కూర్చోరు. నేనే కూర్చోలేదు. టీ పట్టుకుని వచ్చేసరికి ఆమె కాళ్లు పైకి మడుచుకుని అందులో కూర్చుని ఉంది. ఎదురుగా ఎమ్రిస్ నిలబడి చూస్తున్నాడు, లేవమనలేదు. తరవాత నేను అడిగితే, "కుర్చీయే కదే, కూర్చోడానికేగా చేశారు" అన్నాడు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట నాతో ఎన్నడైనా అన్నాడా?

ఇప్పుడు పాట. నిలువెత్తు హార్ప్ తీగలు ఒకరు మీటుతుంటే ముగ్గురు ఆడపిల్లలు దాని పక్కన నిలబడి పాడుతున్నారు. నా చెవికి ఎక్కడం లేదు. నేను పదకొండు సార్లు పంపాను కుర్చీకి. మూడుసార్లు రెండో స్థానం, ఒకసారి మూడు, మిగతావి లెక్కలోకి రానివి. ఐస్తెథ్‌వొద్, అదే ఈ పాటల పద్యాల పోటీల పండగ, దాని రూలు మాకందరికీ పుట్టుకతోనే తెలుసు: పద్యం కింద మారుపేరే ఉండాలి, అసలు పేరు సీలు వేసిన కవరులో వేరే పెట్టాలి, న్యాయనిర్ణేతకు ఎవరు ఎవరో తెలియకూడదు. మారుపేరు పిలిచినప్పుడు గెలిచినవాళ్లు ఉన్నచోట లేచి నిలబడాలి, ఊరంతా ఎవరా అని మెడలు తిప్పి చూడాలి. ఒక ఏడాది పిలిస్తే ఎవరూ లేవలేదు. గెలిచినాయన ఆవు ఈనుతోందని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ సిగ్గు తరవాత కమిటీ కొత్త ఏర్పాటు చేసింది. రెండు వారాల ముందు సెక్రటరీ గ్లెనిస్ గెలిచినవాళ్లకు ఫోన్ చేస్తుంది, తప్పకుండా రండి, కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పకండి అని. అందుకే ఈ గంట నాకు ఇంత చేదు. నాకు ఫోన్ రాలేదు. రాలేదంటే గెలవలేదు. అయినా గ్లెనిస్ మతిమరుపు మనిషి, పోయిన క్రిస్మస్‌కు సొంత చెల్లెలికి కార్డు పంపడమే మరిచిపోయింది, ఒకవేళ మరిచిపోయి ఉంటే, ఒకవేళ నంబరు తప్పు తిప్పి ఉంటే. చూడు, ఈ వయసులో ఈ ఆశ ఎంత సిగ్గుమాలినదో.

కానీ ఫోన్ రాకపోలేదు. అదే కదా నా కడుపుమంట. పద్నాలుగు రోజుల కిందట, మంగళవారం, నేను పెనం మీద కాల్చే మా వెల్ష్ కేకులు తిప్పుతున్నాను, చేతులనిండా పిండి, ముందుగదిలో ఫోన్ మోగింది. ఎమ్రిస్ ఎత్తాడు. "ఆ, ఆ" అన్నాడు. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు. "సరే" అని పెట్టేశాడు. ఎవరని అడిగితే, "రాంగ్ నంబర్" అన్నాడు. రాంగ్ నంబర్‌తో ఎవరైనా అంతసేపు ఊరుకుంటారా? ఆ వెంటనే వెనక షెడ్డులోకి వెళ్లాడు, మిర్నా అక్కడే ఉంది, తలుపు దగ్గరగా వేశారు. ఆమె కేరింత నాకు వంటింట్లోకి వినపడింది. ఒక్క కేరింత, తరవాత ఎవరో నోరు నొక్కినట్టు నిశ్శబ్దం. కేకులు రెండు మాడిపోయాయి. అప్పుడే అర్థమైంది నాకు. ఈ పిల్ల కుర్చీకి రాసింది. గెలిచింది. గ్లెనిస్ మా ఇంటికి ఫోన్ చేసి అతిథికి చెప్పమంది, నా మొగుడు ఆ కబురు గుండెల్లో దాచుకుని తిరుగుతున్నాడు. నాకు చెప్పకూడదని రూలు ఉంది, నిజమే. రూలు పాటించేటప్పుడు మనిషికి అంత సంతోషం ఉండాలా?

సంతోషం అంటే గుర్తొచ్చింది, ఆ గొట్టం. వాళ్ల దేశంలో మాతె అని ఒక ఆకు, సొరబుర్రలో వేసి వేణ్ణీళ్లు పోసి ఇనప గొట్టంతో పీలుస్తారు, ఒకే గొట్టం చేతులు మారుతూ అందరూ పీలుస్తారు. వద్దంటే తప్పు పడతారట. నేను వద్దన్నాను. ఎమ్రిస్ పీల్చాడు. నా కప్పుకు లిప్‌స్టిక్ మరక ఉంటే ఇంకో కప్పు తెచ్చుకునే ఎమ్రిస్, పెళ్లినాడు ఒకే గ్లాసులో తాగమంటే మొహమాటపడిన ఎమ్రిస్, ఆ పిల్ల నోట్లోంచి తీసిన గొట్టం తన నోట్లో పెట్టుకుని, "చేదుగా ఉంది కానీ బాగుంది" అన్నాడు. ఊళ్లో పాల ఎమ్రిస్ అంటారు ఆయన్ను, పాల ట్యాంకర్ నడుపుతాడు కనక. ఆ ట్యాంకర్లో ఎక్కించుకుని పొలాలన్నీ తిప్పాడు. వాళ్ల ముత్తాత పుట్టిన ఇల్లు చూపించాడు, ఇల్లేముంది, రెండు గోడలూ ఒక గొర్రె. అది చూసి ఆమె ఏడ్చిందట, ఈయన చేతిరుమాలు ఇచ్చాడట. నాకెలా తెలుసు? బెటి చెప్పింది. "మీ ఆయన ట్యాంకర్లో పాలు కాకుండా ఇంకేదో మోస్తున్నాడు నెరిస్, చూసుకో" అని కొట్టులో నలుగురి ముందూ అంది. నేను నవ్వాను. "పాలైతే విరుగుతాయి బెటి, అందుకే మార్చాడు" అన్నాను. అందరూ నవ్వారు, నేను గుడ్లు మరిచిపోయి ఇంటికొచ్చాను. ఇంకోటి, ఆమె నన్ను ఆంటీ, మీరు అంటుంది. ఆయన్ను ఎమ్రిస్, నువ్వు అంటుంది. మా దేశంలో అందరినీ అలాగే అంటాం ఆంటీ అంటుంది. మరి నన్నెందుకు అనవు?

"ఆంటీ, మీకు చలిగా ఉందా? చేతులు ముడుచుకుని కూర్చున్నారు." మిర్నా తన శాలువా తీసి నా మోకాళ్లమీద వేసింది. వద్దు అనేలోపే అంచులు సర్దేసింది. దయగా ఉంటుంది, అదొకటి మళ్లీ. చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేది. నా కుడిపక్కన ఎమ్రిస్ మోకాలు టపటపా కొట్టుకుంటోంది. పొద్దున రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు, దవడ కింద తెగింది కూడా. పెళ్లికీ చావుకీ తప్ప వేసుకోని కోటు వేసుకున్నాడు. ఎవరికోసం? ఆ పిల్ల వేదిక ఎక్కుతుంటే చప్పట్లు కొట్టడానికి కోటు కావాలా? "కాలు ఆపు" అన్నాను. ఆపాడు. నాలుగు క్షణాలాగి మళ్లీ మొదలెట్టాడు. పక్కనుంచి గ్లెనిస్ కాగితాలు పట్టుకుని పోతూ, మా వరస దగ్గరకు రాగానే పైకప్పు వైపు చూసింది. ఎంత బాగా నటిస్తుందో. మా వరసలోనే ఉంది గెలిచిన మనిషి, ఆ పైకప్పే సాక్ష్యం.

హార్ప్ ఆగింది. డాక్టర్ ఇద్వాల్ వచ్చాడు వేదిక మీదికి, ఈ ఏటి న్యాయనిర్ణేత, యూనివర్సిటీలో రిటైరైన మనిషి, కళ్లజోడు తుడుచుకోవడానికే రెండు నిమిషాలు తీసుకుంటాడు. ఏడుగురు రాశారట. అంశం కిటికీ. నా పద్యం గురించి ఎప్పుడు చెబుతాడా అని చెవులు రిక్కించాను. నా మారుపేరు తెల్లకొంగ. మా అమ్మ కిటికీ గురించి రాశాను, సముద్రం వైపు కిటికీ, రాని ఓడ, పాదాలు ఒక్కటి తప్పలేదు, యతులు ఒక్కటి జారలేదు, నాలుగు నెలలు కూర్చున్నాను దానితో. "తెల్లకొంగ మూడో స్థానం" అన్నాడు. "చెయ్యి తిరిగిన కవి. ఎక్కడా తప్పు పట్టలేను. రాళ్లన్నీ సరిగ్గా పేర్చిన ఇల్లు అది. కాకపోతే ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉన్నట్టు లేదు." హాల్లో చిన్నగా నవ్వులు. నేనూ నవ్వాను, తెల్లకొంగ ఎవరో పాపం అన్నట్టు. మిర్నా నవ్వలేదు. ఎమ్రిస్ మోకాలు ఆగిపోయింది. ఆయనకు తెలుసు, పోస్టులో వేసింది ఆయనే.

తరవాత రెండో స్థానం ఎవరిదో విననే లేదు. గెలిచిన పద్యం దగ్గరకు వచ్చేసరికి ఇద్వాల్ గొంతు మారింది, కళ్లజోడు తీసేశాడు. "ఇందులో రెండుచోట్ల ఛందస్సు కుంటింది. క్షమించాను" అన్నాడు. క్షమించాడట, నా తండ్రి బతికి ఉంటే ఆ మాటకు లేచి వెళ్లిపోయేవాడు. ఒక మనిషి చలికాలపు సాయంత్రం పనినుంచి వస్తాడు, నాలుగింటికే చీకటి పడుతుంది. బండిని సందు మొదట్లోనే ఆపి దీపాలు ఆర్పేస్తాడు. ఇంటి కిటికీలో వెలుతురు, బల్లముందు ఒక ఆడమనిషి రాసుకుంటూ ఉంటుంది, వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ. ఆమె కలం కింద పెట్టేదాకా అతను లోపలికి వెళ్లడు. కొన్నిసార్లు అరగంట, కొన్నిసార్లు గంట. వెళ్లాక, ఆలస్యమైందేం అని ఆమె విసుక్కుంటే, దారిలో గొర్రెలు అడ్డం వచ్చాయంటాడు. "చివరి రెండు పాదాలు చదువుతాను" అన్నాడు ఇద్వాల్. "చీకట్లో నేను ఆమెను చూస్తాను. వెలుతురులో ఆమె, కిటికీ అద్దంలో తననే చూసుకుంటుంది."

నా ఒళ్లంతా మండిపోయింది. అది నా బల్ల. నా వేళ్లు. ఆయన గొర్రెల సాకు, ముప్పై ఎనిమిదేళ్ల సాకు, ఈ జిల్లాలో ఉన్నన్ని గొర్రెలూ ఆయన ట్యాంకర్‌కే అడ్డం వస్తాయా అని నేను ఎన్నిసార్లు అన్నానో. అంటే ఆయన ఇదంతా ఈ పిల్లకు చెప్పాడు. ట్యాంకర్లో కూర్చోబెట్టుకుని, అదే సందు మొదట్లో ఆపి, అదుగో మా ఆవిడ అని చూపించి ఉంటాడు. ఇద్దరూ చీకట్లో కూర్చుని ఆ గొట్టం పీల్చుకుంటూ నన్ను చూశారు. నాకు చెప్పని మాట దానికి చెప్పాడు, అది పద్యం కట్టింది, నన్ను పెట్టి నా కుర్చీ గెలిచింది. వయసులో ఉన్న పిల్ల మీద మనసు పడ్డాడంటే ఇంత బాధ ఉండేది కాదు, అందరు మొగాళ్లలాంటివాడే అనుకునేదాన్ని. ఈ మాట, ఈ ఒక్క మాట, నాది కావలసింది. శాలువా మోకాళ్లమీదనుంచి తీసి కింద పడేశాను.

"మార్చి వాన" అని పిలిచాడు ఇద్వాల్. "మార్చి వాన అనే మారుపేరుతో రాసినవారు ఉన్నచోట లేచి నిలబడాలి." పియానో మీద ఒక్క పెద్ద స్వరం. తలలన్నీ తిరిగాయి. నేను ఎవరి వైపూ తిరగలేదు, కిందకి, మిర్నా మోకాళ్ల వైపు చూస్తున్నాను. నీలం గౌను, బురద మరక ఉన్న చెప్పులు. కదలడం లేదు. లే, లే మరి, ఎందుకు ఏడిపిస్తావు. కదల్లేదు. కుడివైపు కుర్చీ కిర్రుమంది. అటు చూశాను. పెళ్లికోటు. దాని పైన ఎమ్రిస్ మెడ, దవడ కింద రక్తపు చుక్క, ఆ పైన నాకు తెలియని మొహం.

"ఒరేయ్, పాల ఎమ్రిస్ రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలు ఒక్కసారి నవ్వింది, ఆ నవ్వు చప్పట్లయింది, కాళ్లతో నేలను దంచుతున్నారు. బెటి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పాత విజేతలు ఇద్దరు వచ్చి ఆయన మోచేతులు పట్టుకుని తీసుకెళ్లారు. ఆయన నావైపు చూడలేదు, చూడటానికి భయపడ్డాడు. మిర్నా నా చెయ్యి పట్టుకుంది. బొటబొటా ఏడుస్తోంది. "నేను రాసిపెట్టానంతే ఆంటీ, ఒట్టు. షెడ్డులో ఎమ్రిస్ చెప్పేవాడు, నేను కాగితం మీద పెట్టేదాన్ని. మీకు చూపించమని వందసార్లు చెప్పా. మీరు నవ్వుతారన్నాడు. మీరు ఎర్రపెన్ను తీస్తారని అన్నాడు." తీస్తాను. తీసేదాన్నే. పెళ్లికి ముందు ఒకసారి ఆయన నాకు నాలుగు పాదాలు రాసిచ్చాడు, నేను తప్పులు దిద్ది, కింద పదికి ఆరు వేసి తిరిగి ఇచ్చాను. సరదాకి చేశాను. ఆయన కూడా నవ్వాడు. ఆ తరవాత ఆయన నాకు ఏదీ రాయలేదని ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా గమనించానా? ఇప్పుడు గమనిస్తున్నాను, కానీ సిగ్గుపడటం లేదు ఇంకా, మండుతూనే ఉన్నాను. ఇంతసేపూ ఈ ఏడుస్తున్న పిల్లమీద పోశాను నా విషమంతా. అదంతా అక్కడ వేదిక మీద తల వంచుకుని నిలబడ్డ మనిషిది. నేను పదకొండుసార్లు పంపాను, ఆయన ఒక్కసారి. నా వేళ్లు కదిలాయి, కుర్చీ ఆయనకు వచ్చింది. ఎంత ప్రేమ ఉంటే అన్ని చలిసాయంత్రాలు బయట కూర్చుంటాడు అని ఒక మనసు, ఎంత ధైర్యం ఉంటే దాన్ని పద్యం చేసి నా కుర్చీ ఎత్తుకుపోతాడు అని ఇంకో మనసు. రెండూ నావే. రెండోదే గట్టిగా ఉంది.

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇద్వాల్, పాస్టరుగారు ఆయన తలమీదుగా ఆ పెద్ద కత్తి పట్టుకున్నారు, సగం ఒరలోంచి దూసి. కవిని కుర్చీ ఎక్కించే ముందు ఊరినంతా అడగాలి, మూడుసార్లు, శాంతి ఉందా అని. ఊరు ఉంది అంటేనే కత్తి లోపలికి వెళ్తుంది. ఎవరూ ఎన్నడూ లేదనలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "శాంతి ఉందా?" అని అడిగారు. "ఉంది!" అంది హాలు, కిటికీ అద్దాలు అదిరేలా. నేను అనలేదు. రెండు వందల గొంతుల్లో ఒక గొంతు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? వేదిక మీద ఎమ్రిస్ తల ఎత్తాడు. "శాంతి ఉందా?" రెండోసారి. "ఉంది!" మిర్నా కూడా ఏడుపు గొంతుతో అరిచింది. నేను పెదవులు బిగించాను. ఎమ్రిస్ అంతమందిలో ఇంకెవరినీ చూడటం లేదు. కత్తి కింద కూర్చుని నా నోటివైపే చూస్తున్నాడు, ఎప్పటిలాగే, లోపలికి రావచ్చా రాకూడదా తేలక. ఆయనకు తెలుసు నేను అనలేదని. మొహంలో రంగు పోయింది. ఇంకోసారి నేను ఊరుకుంటే ఆ మనిషి ఆ కుర్చీని ఇంటికి తేడు, బతికున్నంతకాలం ఇంకో మాట రాయడు, అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. అలా అయితే నాకు హాయిగా ఉంటుందని కూడా తెలుసు. పాస్టరుగారు ఊపిరి తీసుకున్నారు. "మూడోసారి అడుగుతున్నాను. శాంతి ఉందా?"

"ఉంది" అన్నాను. అబద్ధం. కుర్చీలోంచి లేచి నిలబడి, ఊరంతా అన్నాక, ఒక్కదాన్నే అన్నాను.